ఉప్పుకొండ క్రింది పల్లె

ఉప్పు అనగానే తెలుగువారికి తోచునది సముద్రతీరము. చదునైన నేలపై మడులు కట్టి, వానిలోనికి ఉప్పునీరు పారించి, ఎండకును గాలికిని వదలినచో కొన్ని దినములకు తెల్లని పలుకులు కట్టును. వానిని గీకి, పోగులు వేసి, కొఠారులకు చేర్చుదురు. ఈ పనిలో కష్టము లేదని కాదు. మండుటెండలో ఉప్పు మడిలో నిలిచిన కూలివాని పాదములను చూచినవారెవ్వరును ఆ మాట అనరు. కాని ఆ కష్టమంతయు వెలుతురులో జరుగును. సముద్రమునకు ఎంతో దూరమున, పర్వతగర్భమున, పగలు రేయి యను భేదము లేని చీకటిలో ఉప్పును తొలిచి తీసిన జనులును ఈ లోకమున కలరు. అట్టివారిలో అతి ప్రాచీనులైన కొందరి పల్లెను గూర్చి ఇప్పుడు ముచ్చటింపదలచినాము.

ఆ పల్లె పేరు హాల్‌స్టాట్. ఆస్ట్రియా దేశమున, జాల్ట్స్‌కామర్‌గూట్ అను కొండసీమలో ఉన్నది. ఆ సీమ పేరులోని మొదటి మాటకు ఉప్పు అని అర్థము. శతాబ్దముల తరబడి అక్కడి ఉప్పుపై వచ్చిన రాబడి చక్రవర్తుల బొక్కసమునకు చేరుచుండెడిది. ఉప్పుపై ప్రభువులకు గల మక్కువ యెట్టిదో మనకు వేరుగ చెప్పనక్కర లేదు. 1930లో మన కోస్తాతీరమున పిడికెడు ఉప్పు వండినందుకు జైలుకు పోయినవారి కథలు మన పెద్దలు మనకు చెప్పియే యున్నారు.

హాల్‌స్టాట్ చేరుటకు రైలు కలదు గాని, ఆ రైలు పల్లెను తాకదు. 1877లో వేసిన ఇనుపదారి సరస్సునకు తూర్పు గట్టున పోవును. పల్లె పడమటి గట్టున ఉన్నది. స్టేషనులో దిగి నాలుగడుగులు వేయగానే రేవు, రేవులో చిన్న పడవ. మేము ఆ పడవ నెక్కి నీటి నడుమకు వచ్చుసరికి ఎదుట కనబడిన దృశ్యము నిజముగ కన్నులు త్రిప్పుకొననీయలేదు. సరస్సు లోతు 125 మీటర్లట. అందుచేత కాబోలు నీటి రంగు నల్లనికిని ఆకుపచ్చకును నడుమనున్నది. ఆ నీటి అంచుననే ఇండ్లు మొదలగును. ఇంటిపై ఇల్లు, దానిపై మరియొక ఇల్లు, బొమ్మల కొలువులో మెట్లపై అమర్చినట్లు కొండ పొట్టకు అంటుకొని యున్నవి. సన్నని శిఖరముతో ఒక దేవాలయము నీటి చెంత. కొంచెము ఎత్తున మరియొకటి. వాని వెనుక గోడవలె లేచిన కొండ.

పడవలోనివారందరును ఛాయాచిత్రములు తీయుటలో మునిగిపోయిరి. మాకు మాత్రము ఒక ప్రశ్న కలిగెను. ఇంత ఇరుకైన చోట మానవుడు ఏమి చూచి ఇల్లు కట్టుకొనెను? దున్నుటకు పొలము లేదు. పశువులను మేపుటకు బయలు లేదు. శీతకాలమున కొండల నీడ చాలసేపు పల్లెను వదలదు. 1890లో బండిబాట వేయువరకు పడవ తప్ప, కొండకాలిబాటలు తప్ప రాకపోకలకు వేరు మార్గమే లేదు. సౌందర్యము కొరకు ఎవ్వరును ఇక్కడికి రాలేదు. ఈ ప్రశ్నకు సమాధానము పల్లెలో లేదు. పల్లెకు సుమారు 350 మీటర్ల ఎత్తున ఉన్న కొండలోయలో ఉన్నది.

ఆ లోయ క్రింది ఉప్పు సుమారు 25 కోట్ల సంవత్సరముల నాటి సముద్రపు శేషము. నాటి సముద్రము ఎండిపోయి ఉప్పు పేరుకొనెను. దానిపై ఇతర శిలలు పడెను. ఆల్ప్స్ పర్వతములు లేచినపుడు ఆ ఉప్పు కూడ మన్నుతోను రాతితోను కలిసి పైకి లేచెను. అనగా అక్కడి వారును మనవలెనే సముద్రపు ఉప్పునే తినుచున్నారు. వారి సముద్రము పాతది, అంతియే. ఊటలలో ఉప్పునీరు కారుట చూచి పూర్వులు ఈ నిధిని కనిపెట్టియుందురు. 1838లో అక్కడ దొరకిన జింకకొమ్ము గునపము సుమారు క్రీ. పూ. 5000 నాటిదని నిర్ణయించినారు. కావున ఆ కొండతో మానవునకు గల పొత్తు దాదాపు ఏడువేల యేండ్లది.

గని లోపలికి పోవువారు పైదుస్తులు ధరింపవలెను. లోపల ఏ కాలమునందైనను చలి ఒక్కతీరుననే, సుమారు 8 డిగ్రీలుండును. ఒక అంతస్తు నుండి క్రింది అంతస్తునకు దిగుటకు నున్నని కొయ్యజారుడులు కలవు. నాడు పనివారు త్వరగా దిగుటకు కట్టుకొన్నవి. నేడు వేడుకకు వచ్చిన పిల్లలును పెద్దలును నవ్వుచు జారుచున్నారు. మేమును జారితిమి. ఆ నవ్వు ముగిసిన చోటనే ఆలోచన ప్రారంభమగును.

అక్కడ ఒక కొయ్య మెట్లదారి ఉన్నది. 21వ శతాబ్ది ఆరంభమున పురావస్తు పరిశోధకులు పాత గనిలో దీనిని కనుగొనిరి. మ్రాకుల వలయములను లెక్కించి చూడగా, దీనికి వాడిన చెట్లను క్రీ. పూ. 1344 ప్రాంతమున నరికినట్లు తేలెను. యూరపు ఖండమున ఇంతకంటె పాతదైన కొయ్య మెట్లదారి తెలియదు. మెట్లు వదులుగ కూర్చబడియున్నవి. కొండ కదలినను, వాలు మారినను మెట్టును సరిజేసికొనవచ్చును. అరిగిన మెట్లను చూచినపుడు ఎన్ని పాదములు వీనిపై ఎక్కి దిగినవో యని మనస్సు లెక్క కట్టజూచి విరమించుకొనును.

ఆ పాదముల వీపున ఉండిన మూటలు కూడ దొరకినవి. ఆవుతోలుతో కుట్టి, కొయ్యచట్రమునకు బిగించిన సంచి అది. భుజమున ఒకే పట్టెడ; రెండవ వైపున చేతితో పట్టుకొనుటకు ఒక కర్ర. ఆ కర్రను వదలినచో సంచి దానంతట అది ప్రక్కకు ఒరిగి ఉప్పు క్రింద పడును. బరువు దించి మరల ఎత్తుకొను శ్రమ లేదు. మూడువేల యేండ్ల క్రిందట పేరు తెలియని పనివాడెవ్వడో తన వీపునొప్పి నుండి నేర్చిన యుక్తి యిది. వెలుతురు కొరకు వారు సన్నని కొయ్యపుల్లలను కట్టలుగ వెలిగించిరి. కాలి మిగిలిన పుల్లలు గనిలో లెక్కకు మిక్కిలిగ ఉప్పులో చిక్కుకొనియున్నవి. మధ్యయుగముల పనివారు త్రవ్వకములో ఈ ప్రాచీనపు చెత్త కనబడినపుడు దానిని "అన్యమతస్థుల కొండ" అని పిలిచెడివారు.

ఇనుపయుగమున గనిపని మరింత పెరిగెను. నాటివారు గోడపై హృదయాకారముగ గాడి తీసి, రెండు ప్రక్కల నుండి ఉప్పుపలకను పెకలించెడివారు. ఆ ఆకారములు గోడలపై నేటికిని కనబడును. ఈ ఉప్పు ఆహారమునకు రుచి నిచ్చుటకు మాత్రమే కాదు. మంచు పెట్టెలు లేని కాలమున మాంసమును నిలవ చేయుటకు ఉప్పే ఆధారము. ఉప్పు లేనివాడు శీతకాలము దాటుట కష్టము; ఉప్పు ఉన్నవానికి దూరదేశముల సరకంతయు ఇంటికి నడచివచ్చును.

అట్లు వచ్చిన సరకును లోకమునకు చూపినవాడు యోహాన్ గేయోర్గ్ రాంసావర్. అతడు పండితుడు కాడు, ఆ ఊరివాడే. 1795లో జన్మించి, పసితనముననే గనికొలువులో చేరి, గని అధికారియైనవాడు. 1846లో కంకర కొరకు త్రవ్వించుచుండగా అస్థిపంజరములు బయటపడెను. మరియొకడైనచో బంగారమేమైన ఉన్నదా యని వెదకి ఊరకుండెడివాడు. రాంసావర్ 1863 వరకు పదునేడేండ్లు ఓపికతో 980 సమాధులను త్రవ్వించెను. ఏ సమాధిలో ఏ వస్తువు ఎక్కడ ఉన్నదో వ్రాయించెను. రంగులతో చిత్రములు గీయించెను. సుమారు ఇరువదివేల వస్తువులు బయటపడెను. 1856లో ఫ్రాంజ్ యోసెఫ్ చక్రవర్తియు రాణి ఎలిజబెత్తును వచ్చి ఒక సమాధిని తెరచుట స్వయముగ చూచిరి.

ఆ సమాధులలో బాల్టిక్ తీరపు తృణమణి కలదు. ఆఫ్రికా ఏనుగు దంతముతో పిడి చేసిన కత్తి కలదు. ఇటలీ నుండి వచ్చిన కంచుపాత్రలు కలవు. దున్నుటకు సెంటు భూమి లేని కొండలోయలో ఇంత సంపద! 1874లో స్వీడన్ దేశపు పండితుడు హాన్స్ హిల్డెబ్రాండ్ మధ్య యూరపునందలి తొలి ఇనుపయుగమునకు ఈ పల్లె పేరే పెట్టెను. నాటి నుండి చరిత్ర గ్రంథములలో సుమారు క్రీ. పూ. 800 నుండి 450 వరకు గల కాలము "హాల్‌స్టాట్ యుగము". మన తెలుగునాట పల్లెవారు రాక్షసగుళ్ళని పిలుచు పెద్దరాతి సమాధులలో కూడ ఇనుపయుగపు జనులే నిదురించుచున్నారు. వారికిని వీరికిని చుట్టరికము లేదు. ఇనుమును వశపరచుకొని, చనిపోయినవారిని ప్రియవస్తువులతో సాగనంపిన తీరు మాత్రము ఒక్కటియే.

ఇంతవరకు వినినవారు, ఆ సమాధులలోనివారు ప్రభువులై యుందురనియు, పని చేసినవారు మరెచ్చటనో మన్నులో కలిసిపోయిరనియు తలపవచ్చును. మేమును అట్లే తలచితిమి. కాని తరువాతి త్రవ్వకములలో దొరకిన ఎముకలు వేరొక మాట చెప్పినవి. కండరములు ఎముకను పట్టుకొను చోట, చేసిన పనిని బట్టి గుర్తులు ఏర్పడును. ఆ గుర్తులను పరీక్షించిన పండితులు, పురుషులు ఏండ్ల తరబడి గునపము వేసినట్లును, స్త్రీలు ఒక భుజముపై బరువులు మోసినట్లును తేల్చిరి. నగలతో, ఆయుధములతో పూడ్చబడినవారి ఎముకలలో కూడ ఈ కష్టపు గుర్తులు కలవు. ఐశ్వర్యమును కాయకష్టమును అక్కడ ఒకే శరీరమున నివసించెను.

పిల్లల ఎముకలు చెప్పిన మాట మరింత బరువైనది. నెత్తిన మోతలు మోసిన వలన చిన్నవారి మెడపూసలు అరిగియున్నవి. గనిలో చిన్న పాదమునకు సరిపడు తోలుచెప్పు దొరకినది. తల్లిదండ్రులు గనిలో దిగినపుడు పిల్లలును దిగిరి. ఆ సంపదకు చెల్లించిన వెలలో వారి పాలును ఉన్నది. ఈ సంగతి తెలిసిన పిమ్మట ఏనుగుదంతపు పిడి మునుపటి వలె మెరయదు.

ఉప్పునకు ఒక గుణము కలదు: తనలో పడినదానిని చెడనీయదు. రాజుల శాసనములు శిలలపై నిలిచినవి; ఈ కూలివారి బ్రతుకు ఉప్పులో నిలిచినది. వారు కట్టిన ఉన్నిబట్టలు రంగులతో సహా నిలిచినవి. వారు తినిన తిండి తెలిసినది: బార్లీ, జొన్నజాతి చిరుధాన్యము, చిక్కుడుగింజలు, పందిమాంసము కలిపి ఉడికించిన జావ వంటిది. 2021లో ప్రకటింపబడిన ఒక పరిశోధన వలన, వారు బీరును, పులియబెట్టిన ఒక విధమగు జున్నును ఎరుగుదురని కూడ వెల్లడియైనది. చరిత్ర యనగా పట్టాభిషేకములే అనుకొనువారు ఈ గనిని ఒకసారి చూడవలెను.

క్రీ. పూ. 4వ శతాబ్దమున కొండ విరిగిపడి ఆ లోయలోని గనిని పూడ్చివేసెను. అప్పుడో, మరియొక ప్రమాదములోనో లోపల చిక్కుకొన్న ఒక మనుష్యుడు ఉప్పులో అణగి ఎండి యుండగా 1734లో పనివారికి కనబడెను. అతడు క్రైస్తవుడో కాదో తెలియదు గనుక శ్మశానపు పుణ్యభూమిలో చోటీయక, ఒక మూలను పూడ్చిరి. వేలయేండ్లు ఉప్పు కాపాడిన దేహము మన్నులో కలిసిపోయెను.

ఆ 1734వ సంవత్సరముననే ఆ సీమలో మరియొక సంగతి జరిగెను. ఉప్పు పనివారిలో అనేకులు ప్రొటెస్టెంటు మతమును అవలంబించియుండిరి. కాథలిక్కు చక్రవర్తియైన ఆరవ చార్లెస్ అది సహింపక, వారిని కుటుంబములతో పడవల నెక్కించి దూరమున నున్న ట్రాన్సిల్వేనియాకు పంపనారంభించెను. తాతలనాటి గనిని, ఇంటిని వదలి వారు పోయిరి. తమ మతమును దాచుకొన్నవారు మిగిలిరి. 1781లో రెండవ జోసెఫ్ సహనశాసనము ప్రకటించిన తరువాతనే వారికి ఊపిరి తిరిగెను. నేడు లోకమంతటను పటములలో కనబడు ఆ సన్నని శిఖరపు దేవాలయము 1863లో పూర్తియైన ప్రొటెస్టెంటుల గుడి. ఆ శిఖరమును అందమునకు మాత్రమే చూచువారికి సగమే కనబడినదని మేము అనుకొంటిమి.

మధ్యయుగముల నుండి గని పనిపద్ధతి మారెను. 1311లో రాణి ఎలిజబెత్, మొదటి ఆల్బర్ట్ భార్య, ఈ ఊరికి సంత హక్కులిచ్చెను. గునపముతో పలకలు తీయుటకు బదులు, కొండలోనికి నీరు వదలి, ఉప్పును కరగించి, ఆ నీటిని బయట మరగించి ఉప్పు తీయసాగిరి. మరగించుటకు కట్టెలు కావలెను. చుట్టుప్రక్కల అడవి తరిగిపోయెను. కట్టెలను ఉప్పువద్దకు తెచ్చుటకంటె ఉప్పునీటినే కట్టెలవద్దకు పంపుట మేలని 1595లో ఒక గొట్టపుదారి మొదలిడి 1607లో ముగించిరి. సుమారు 13,000 చెట్లమ్రాకులను తొలిచి, ఒకదానికొకటి తొడిగి, ఏబెన్‌సే అను ఊరివరకు 40 కిలోమీటర్లు సాగదీసిరి. యంత్రము లేదు, వాలే యంత్రము. ఉప్పునీరు నేటికిని ఏబెన్‌సేకు పోవుచునే యున్నది, గొట్టములు మాత్రము మారినవి. ఆ పాతదారి వెంట ఇప్పుడు జనులు షికారుగ నడచుచుందురు.

1750లో ఊరి నడుమ అగ్నిప్రమాదము జరిగి కొయ్యయిండ్లనేకములు కాలిపోయెను. ఇప్పుడు మనము మెచ్చుకొను సంతవీధి చాలవరకు ఆ బూడిదపై మరల లేచినదే. చోటు లేమి మాత్రము తీరలేదు. బ్రతికినవారికే కాదు, చనిపోయినవారికి కూడ. కాథలిక్కు గుడిప్రక్క శ్మశానము మిక్కిలి చిన్నది. అందుచే కొన్నియేండ్లకు గోతిని తెరచి, ఎముకలను శుభ్రపరచి, కపాలములను ఎండకు ఆరబెట్టి, ఒక చిన్న గదిలో కుటుంబముల వారీగ పేర్చెడివారు. అక్కడ సుమారు 1,200 కపాలములున్నవి. వానిలో దాదాపు 600 కపాలములపై పేరును, ఆకులు, పూలు మొదలగు చిత్రములును గలవు. చివరిది 1995లో చేరెను.

ఆ గదిలో మేము చాలసేపు నిలిచితిమి. మొదట జంకుతో, తరువాత గౌరవముతో. కొండలోనివారికి పేరులు లేవు. ఈ గదిలోనివారికి నుదుటనే పేరున్నది. స్థలము చాలకపోయినను తమవారి పేరు మాత్రము పోనీయమని ఆ ఊరు పట్టుపట్టినది.

ఇక నేటి సంగతి. గనిలో పని ఇంకను సాగుచున్నది గాని, ఊరికి జీవనాధారము ఇప్పుడు యాత్రికులే. 1997లో యునెస్కో ఈ ప్రాంతమును ప్రపంచ వారసత్వముగ గుర్తించెను. 2012లో చైనా దేశపు గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రమున ఈ పల్లెకు అచ్చు నకలుగ ఒక నివాసప్రాంతమును కట్టిరి. గుడి కట్టవచ్చును, వీధి కట్టవచ్చును. కొండలోని ఏడువేల యేండ్లను కట్టుట ఎవరి తరము? ఎనిమిదివందల జనమైన లేని ఊరికి రద్దీ దినములలో పదివేలమంది వరకు వచ్చుచున్నారు. ఇంటి గుమ్మమున నిలిచి పటములు తీయువారు, తోటలోనికి తొంగిచూచువారు. విసిగిన గ్రామస్థులు 2023లో దృశ్యము కనబడకుండ కొయ్యదడి కట్టి చూచిరి. కొలది దినములకే తీసివేసిరి. అదే సంవత్సరము ఆగస్టులో దారిపై నిలిచి తమ మొర వినిపించిరి. వచ్చువారు లేనిచో బ్రతుకు లేదు. అందరును వచ్చినచో ఊరు లేదు. ఉప్పు వలెనే ఇదియును. తగుపాలు రుచి, మితిమీరినచో నోట పెట్టలేము.

తిరుగు పడవలో మరల ఆ దృశ్యమునే చూచితిమి. ఉదయమున చూచినదే, కాని మాకు వేరుగ కనబడెను. ఇండ్లు ఒకదానిపై ఒకటి ఎక్కి నిలుచుట చిత్రకారుని ఊహ కాదు. గనికి దగ్గరగ ఉండవలసిన పనివారికి అంతకంటె చోటు దొరకలేదు. నేడు అందమని మనము పిలుచునది నాడు వారికి ఇరుకు. పల్లెవారు కోరునది కూడ పెద్దదేమియు కాదు: వచ్చినవారు పల్లెను తెరగ కాక, ఊరుగ చూడవలెనని. ఆపాటి మర్యాద చేయుటకు హాల్‌స్టాట్ వరకు పోనక్కర లేదు. మన తీరమున ఎండలో మెరయు ఉప్పుకుప్పను దారిన పోవుచు చూచినపుడు, దాని వెనుక వంగిన నడుమును కూడ చూచినచో చాలును. ఉప్పు తిన్న విశ్వాసమని మనవారు ఊరక అనలేదు.